ఆఫీసు ఫోన్ సర్వర్‌కి ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేయాలి, ఎలా వేయాలి

ఆఫీసులో ఫోన్లన్నిటికీ సొంత సర్వర్ పెట్టుకోవాలని అనుకోగానే మొదలయ్యే చర్చ దాదాపు ఎప్పుడూ ఒకటే. లినక్స్ రకాల్లో డెబియన్ మంచిదా, ఉబుంటు మంచిదా, రాకీ లినక్స్ మంచిదా? అన్నీ కలిపి ఉండే రెడీమేడ్ ఐఎస్‌ఓ ఫైలుతో పని కానిచ్చేద్దామా, సోర్సు కోడ్ నుంచి ప్రోగ్రాముని మనమే కట్టుకుందామా (కంపైల్ చేసుకుందామా)? ఇవన్నీ అడగాల్సిన ప్రశ్నలే. కాకపోతే ముందు రెండు సంగతులు తేల్చుకుంటే వీటిలో సగం వాటంతటవే తేలిపోతాయి. ఆ సర్వర్ మీద నడిచే ఫోన్ సాఫ్ట్‌వేర్ ఏది? నాలుగేళ్ల తర్వాత కూడా దానికి అప్‌డేట్లు వేసేది ఎవరు?

రెండో ప్రశ్నను చాలామంది దాటేస్తారు. ఫోన్ సర్వర్ ఒకసారి పనిచేయడం మొదలుపెట్టాక దాని జోలికి ఎవరూ వెళ్లరు. వెబ్‌సైటు పది నిమిషాలు ఆగితే ఓర్చుకుంటారు గానీ ఫోను ఆగితే ఊరుకోరు, కాబట్టి దాన్ని ముట్టుకోవడానికి అందరికీ భయమే. అలా ముట్టుకోని సర్వర్లు ఏళ్ల తరబడి పాత వెర్షన్ల మీదే పడి ఉంటాయి. అందుకే ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) ఎంపికలో నేను ముందు చూసేది ఒక్కటే: అప్‌డేట్ వేయడం ఎంత తేలిక, ఎంత భయం లేని పని అన్నది.

వేగం గురించి బెంగ అక్కర్లేదు

ఏ లినక్స్ మీద వేస్తే కాల్స్ బాగా నడుస్తాయి అని అడిగేవాళ్లకు ముందు ఒక చిన్న లెక్క. జీ.711 కోడెక్‌లో (కోడెక్ అంటే మాటను డేటాగా మార్చే పద్ధతి) మాటను మామూలుగా 20 మిల్లీసెకన్ల ముక్కలు చేసి పంపుతారు. అంటే ఒక వైపుకి సెకనుకి 50 ప్యాకెట్లు. బయటి కాల్‌కి సర్వర్ దగ్గర రెండు దారులుంటాయి: ఆఫీసు ఫోను నుంచి సర్వర్‌కి ఒకటి, సర్వర్ నుంచి ట్రంక్‌కి, అంటే ఫోన్ కంపెనీ ఇచ్చే బయటి లైనుకి, ఇంకొకటి. ఒక్కోదానిలో రానూ పోనూ కలిపితే కాల్‌కి సెకనుకి 200 ప్యాకెట్లు. ఒకేసారి 30 కాల్స్ నడుస్తుంటే 6,000. బ్యాండ్‌విడ్త్ చూస్తే, హెడర్లన్నీ కలుపుకుని ఒక దిశలో కాల్‌కి 87 కేబీపీఎస్ చుట్టూ ఉంటుంది. ఈ మాత్రం పనికి మామూలు రెండు కోర్ల యంత్రం చాలు. ఓఎస్ ఏదైనా ఇక్కడ తేడా కనపడదు.

సీపీయూని నిజంగా తినేది కోడెక్ మార్పిడి. ఫోన్లలో ఒక కోడెక్, ట్రంక్‌లో ఇంకో కోడెక్ పెట్టుకుంటే ప్రతి కాల్‌నీ సర్వర్ విప్పి మళ్లీ కట్టాలి. డిస్కుని తినేది రికార్డింగు. 8 కిలోహెర్ట్జ్, 16 బిట్ల వేవ్ ఫైలు గంటకి దాదాపు 58 ఎంబీ అవుతుంది. పదిమంది రోజుకి ఆరు గంటలు మాట్లాడే చోట రోజుకి మూడున్నర జీబీ పోగుపడుతుంది. డిస్కు నిండితే కొత్త రికార్డింగులే కాదు, లాగ్‌లూ డేటాబేసూ కూడా ఆగిపోతాయి. కాబట్టి రికార్డింగులకు వేరే పార్టిషన్ ఇవ్వగలగడం, ఓఎస్ పేరు కంటే పెద్ద విషయం. ఇన్‌స్టాలేషన్ పద్ధతిని బట్టి ఈ వెసులుబాటు ఉండచ్చు, పోవచ్చు. ఐఎస్‌ఓల దగ్గర ఇది మళ్లీ వస్తుంది.

సెంటోస్ నేర్పిన పాఠం

చాలాకాలం ఈ రంగంలో సెంటోస్ అనే లినక్స్‌దే రాజ్యం. ఆస్టరిస్క్ అనే ఓపెన్ సోర్సు ఫోన్ సాఫ్ట్‌వేర్‌ని వెబ్ పేజీలోంచి నడిపించేది ఫ్రీపీబీఎక్స్. వాళ్ల డిస్ట్రో (ఓఎస్‌తో కలిపి ఇచ్చే కట్ట) సెంటోస్ 7 ఆధారంగా వచ్చింది. ఎలాస్టిక్స్ అనే అలాంటి సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయి పుట్టిన ఇసాబెల్ కూడా అదే పునాది మీద మొదలైంది. సెంటోస్ 8కి 2029 దాకా మద్దతు ఉంటుందని అందరూ లెక్కేసుకుని ఉండగా, అది 2021 డిసెంబరు 31తోనే ముగుస్తుందని 2020 డిసెంబరులో ప్రకటించారు. సెంటోస్ 7 గడువు మాత్రం చెప్పినట్టే నడిచి 2024 జూన్ 30న తీరిపోయింది.

ఈ తేదీలు దాటాక ఫోన్ సర్వర్లు నడిపేవాళ్లు పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. సర్వర్ బాగానే పనిచేస్తోంది, కాల్స్ వస్తున్నాయి, పోతున్నాయి. కానీ కింద ఉన్న ఓఎస్‌కి భద్రతా అప్‌డేట్లు లేవు. పైన ఉన్న ఫోన్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌కి కొత్త పీహెచ్‌పీ కావాలి, అది ఆ పాత ఓఎస్‌లో లేదు. ఫ్రీపీబీఎక్స్ 17 వచ్చేసరికి ఆ ప్రాజెక్టు సెంటోస్‌ని వదిలేసి డెబియన్ 12కి మారింది. పాత డిస్ట్రో నుంచి అక్కడికక్కడే అప్‌గ్రేడ్ అయ్యే దారి లేదు. కొత్త యంత్రం వేసుకుని, పాతదాని బ్యాకప్ తీసి కొత్తదానిలో రీస్టోర్ చేసుకోవాల్సిందే.

అందుకని ఓఎస్ ఎంచుకునేటప్పుడు ఈ రోజు ఉన్న ఫీచర్లను పక్కన పెట్టి, మద్దతు ముగిసే తేదీని ఒక కాగితం మీద రాసుకోండి. ఫోన్ సాఫ్ట్‌వేర్ మద్దతు ముగిసే తేదీని దాని పక్కనే రాయండి. రెంటిలో ఏది ముందొస్తే అదే మీ సర్వర్ ఆయుష్షు. డెబియన్ 12 విడుదల 2023 జూన్‌లో జరిగింది. దానికి పూర్తి మద్దతు మూడేళ్లు, ఆ పైన ఎల్‌టీఎస్ (దీర్ఘకాల) మద్దతు 2028 జూన్ ఆఖరు దాకా. ఆస్టరిస్క్ 22 అనేది 2024 అక్టోబరులో వచ్చిన దీర్ఘకాల మద్దతు వెర్షన్. మామూలు బగ్ సవరణలు 2028 అక్టోబరు దాకా, భద్రతా సవరణలు ఇంకో ఏడాది అంటే 2029 అక్టోబరు దాకా వస్తాయి. ఈ రెండూ కలిపి వేసుకున్నవాళ్లకు ముందుగా తగిలే గడువు ఓఎస్‌దే.

ఆస్టరిస్క్‌లో దీర్ఘకాల మద్దతు ఇటీవలి కాలంలో సరిసంఖ్య వెర్షన్లకే వస్తోంది: 16, 18, 20, 22. మధ్యలో వచ్చే బేసి సంఖ్యలవాటికి ఒక ఏడాది పూర్తి మద్దతు, ఇంకో ఏడాది భద్రతా సవరణలు మాత్రమే. కొత్త ఫీచర్లు కావాలని ఆఫీసు సర్వర్ మీద 21 వేసుకోవడం దండగ. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. కాల్స్ కలిపే సిప్ అనే ప్రోటోకాల్‌కి పాత డ్రైవర్ అయిన చాన్_సిప్‌ని 21 నుంచి పూర్తిగా తీసేశారు, ఇక మిగిలింది పీజేసిప్ ఒక్కటే. ఏ కాల్ ఎటు వెళ్లాలో రాసుకునే డయల్‌ప్లాన్‌లో మాక్రో కమాండు కూడా అప్పుడే పోయింది, దాని పని గోసబ్ చేస్తుంది. పదేళ్ల కిందటి కాన్ఫిగరేషన్ ఫైళ్లు తెచ్చి కొత్త సర్వర్‌లో పెడితే నడవవు. ఎవరి దగ్గరైనా చేత్తో రాసిన పాత డయల్‌ప్లాన్ ఉంటే, ఓఎస్ గురించి ఆలోచించే ముందు దాన్ని తిరగరాయడానికి ఎన్ని రోజులు పడుతుందో చూసుకోవాలి. అసలు పని అక్కడే ఉంటుంది.

సాఫ్ట్‌వేర్‌ని బట్టి ఓఎస్

వెబ్ పేజీలోంచి ఎక్స్‌టెన్షన్లు (లోపలి నంబర్లు), రింగ్ గ్రూపులు, ఐవీఆర్ ("ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అనే మెనూ) చేసుకోవాలనుకుంటే ఎక్కువమంది చూపు ఫ్రీపీబీఎక్స్ మీదే ఉంటుంది. దానికి ఓఎస్ విషయంలో మీరు ఎంచుకునేదేమీ లేదు. 17వ వెర్షన్ అధికారిక స్క్రిప్టు డెబియన్ 12 కోసం, 64 బిట్ల ఇంటెల్, ఏఎమ్‌డీ యంత్రాల కోసం రాసింది. డెబియన్ 13 వచ్చింది కదా, కొత్తది కదా అని దాని మీద వేయకండి. ఇన్‌స్టాల్ చేసే రోజున అధికారిక పేజీలో ఏ వెర్షన్ రాసి ఉంటే అదే వేయండి, ఒక అంకె కూడా అటూ ఇటూ కావద్దు. ఉబుంటు మీద బలవంతాన వేయించే చిట్కాలు ఎక్కడెక్కడో దొరుకుతాయి. అవి మొదటి రోజు పనిచేస్తాయి, మొదటి పెద్ద అప్‌గ్రేడ్ రోజున మొండికేస్తాయి, అప్పుడు సాయం చేయడానికి ఎవరూ ఉండరు.

ఆస్టరిస్క్ లాంటిదే అయిన ఫ్రీస్విచ్ ఆధారంగా నడిచే ఫ్యూజన్‌పీబీఎక్స్ వాళ్లకీ ప్రధాన వేదిక డెబియనే. ఒకే సర్వర్ మీద చాలా కంపెనీలకు విడివిడిగా ఫోన్ సేవ ఇవ్వాలనుకునేవాళ్లు దీని వైపు మొగ్గుతారు, ఆ పనికి అది బాగా కుదురుతుంది. ఫ్రీస్విచ్ రెడీమేడ్ ప్యాకేజీలు కావాలంటే సిగ్నల్‌వైర్ దగ్గర ఖాతా తెరిచి టోకెన్ తీసుకోవాలి. అది ఇష్టం లేకపోతే సోర్సు నుంచి కట్టుకోవాలి. ఇసాబెల్ 5 మాత్రం రాకీ లినక్స్ 8 మీద నడుస్తుంది. సెంటోస్, రాకీ లాంటివి ఉన్న రెడ్‌హ్యాట్ కుటుంబం చేతికి అలవాటైనవాళ్లకు ఇది సుఖంగా ఉంటుంది. త్రీసీఎక్స్ ఓపెన్ సోర్సు కాదు, లైసెన్సు కొనుక్కుని వాడేది. లినక్స్‌లో వేయాలంటే డెబియన్ మీదే వేయాలి, దానికి తగ్గ ఐఎస్‌ఓ వాళ్లే ఇస్తారు.

వెబ్ పేజీ ఏదీ లేకుండా ఉత్త ఆస్టరిస్క్ నడుపుతాం, ఫైళ్లు మేమే రాసుకుంటాం అనేవాళ్లకు మాత్రమే ఓఎస్ ఎంపికలో నిజమైన స్వేచ్ఛ ఉంటుంది. అక్కడ నా సలహా సూటిగా చెప్తాను: ఆ ఆఫీసులో మిగతా సర్వర్లన్నీ దేని మీద నడుస్తున్నాయో అదే వేయండి. ఫైర్‌వాల్ ఎలా చూడాలో, లాగ్‌లు ఎక్కడుంటాయో, సర్వీసు ఎలా రీస్టార్ట్ చేయాలో అందరికీ తెలిసిన ఓఎస్ అయితే అర్ధరాత్రి ఇబ్బంది వచ్చినప్పుడు ఎవరైనా చేయి వేయగలుగుతారు. ఎలాగూ మొదటినుంచీ మొదలుపెడుతున్నాం, ఏదైనా పర్లేదు అంటే డెబియన్. మద్దతు తేదీలు ముందే తెలుస్తాయి, ఫోన్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో చాలావరకు ఇప్పుడు దాని వైపే వచ్చాయి, అవసరం లేని సరంజామా తక్కువ.

ఉబుంటు గురించి విడిగా ఒక మాట చెప్పాలి. 24.04లో ఆస్టరిస్క్ 20 ప్యాకేజీగా దొరుకుతుంది, ఒక్క కమాండుతో దిగిపోతుంది. కానీ అది యూనివర్స్ అనే విభాగంలో ఉంటుంది. ఆ విభాగంలోని వాటికి, ఉబుంటుని తయారుచేసే కెనానికల్ ఐదేళ్లపాటు మామూలుగా ఇచ్చే భద్రతా హామీ వర్తించదు, దాని కోసం ఉబుంటు ప్రో చందా జతచేసుకోవాలి. రెండో సంగతి ఇంకా సూక్ష్మమైంది. ఉబుంటు సర్వర్‌లో భద్రతా అప్‌డేట్లు వాటంతటవే దిగేలా మొదటినుంచే ఆన్ చేసి ఉంటుంది. ఏదైనా లైబ్రరీ మారితే దాన్ని వాడుతున్న సర్వీసులను రీస్టార్ట్ చేసే నీడ్‌రీస్టార్ట్ అనే పనిముట్టు కూడా ఉంటుంది. వెబ్ సర్వర్‌కి ఇది మంచిదే. ఫోన్ సర్వర్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మారిందని ఆస్టరిస్క్ ఠపీమని రీస్టార్ట్ అయితే నడుస్తున్న కాల్స్ అన్నీ కట్ అయిపోతాయి. ఉబుంటు వాడేవాళ్లు ఆ జాబితాలోంచి ఆస్టరిస్క్‌ని మినహాయించి, అప్‌డేట్లు పడే వేళను ఆఫీసు మూసేశాక ఉండేలా మార్చుకోవాలి. తర్వాత రీస్టార్ట్‌ని ఆస్టరిస్క్ కన్సోల్ నుంచే "వీలున్నప్పుడు" అన్న షరతుతో ఇవ్వచ్చు. అప్పుడది నడుస్తున్న కాల్స్ అన్నీ అయిపోయేదాకా ఆగి, ఖాళీ దొరికాక రీస్టార్ట్ అవుతుంది. డెబియన్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్లు మీరే ఆన్ చేసుకున్నా ఇదే జాగ్రత్త.

ఇన్‌స్టాల్ చేసే దారులు

రెడీమేడ్ ఐఎస్‌ఓ. యంత్రానికి యూఎస్‌బీ పెట్టి బూట్ చేస్తే ఓఎస్, ఆస్టరిస్క్, డేటాబేసు, వెబ్ పేజీ అన్నీ ఒకేసారి దిగుతాయి. ఆఫీసులో లినక్స్ తెలిసినవాళ్లు లేకపోతే ఇదే సరైన దారి, మొహమాటపడాల్సిన పనేమీ లేదు. ఒకటే ఇబ్బంది. చాలా ఐఎస్‌ఓలు డిస్కు మొత్తాన్ని తుడిచేసి వాటికి నచ్చినట్టు పార్టిషన్లు చేసుకుంటాయి, రికార్డింగులకు వేరే చోటు అడిగే అవకాశం ఇవ్వవు. అలాంటప్పుడు యంత్రానికి రెండో డిస్కు పెట్టి, ఇన్‌స్టాలేషన్ అయ్యాక రికార్డింగు ఫోల్డర్‌ని దాని మీదకు మౌంట్ చేసుకోవడం మేలు. మొదటి డిస్కులో డేటా ఏమైనా ఉంటే ముందే తీసి పెట్టుకోండి.

శుభ్రమైన డెబియన్ మీద అధికారిక స్క్రిప్టు. ఫ్రీపీబీఎక్స్‌కీ ఫ్యూజన్‌పీబీఎక్స్‌కీ నాకు నచ్చిన దారి ఇదే. డెబియన్‌ని మనకు కావలసిన పార్టిషన్లతో, డెస్క్‌టాప్ లేకుండా, దూరం నుంచి లాగిన్ కావడానికి ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ఒక్కటే టిక్ పెట్టి వేసుకుంటాం. ఆ తర్వాత స్క్రిప్టు నడుపుతాం. ఫ్రీపీబీఎక్స్ స్క్రిప్టు ఆస్టరిస్క్, అపాచీ, మరియాడీబీ, పీహెచ్‌పీ అన్నిటినీ తనకు కావలసిన వెర్షన్లలో తెచ్చుకుంటుంది. అందుకే ఆ యంత్రం మీద అంతకుముందే వేరే వెబ్‌సైటో, వేరే డేటాబేసో ఉండకూడదు. రెండూ కొట్టుకుంటాయి. స్క్రిప్టుని, కనెక్షన్ తెగినా పని ఆగనివ్వని టీమక్స్ లేదా స్క్రీన్ లోపల నడపండి. ఇది చాలాసేపు నడిచే పని, మధ్యలో ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్ తెగితే సగంలో ఆగిపోయిన ఇన్‌స్టాలేషన్‌ని బాగుచేయడం కంటే డెబియన్ మళ్లీ వేసుకోవడమే తక్కువ పని. హోస్ట్ పేరు, టైమ్ జోన్, స్థిరమైన ఐపీ చిరునామా ఇవన్నీ స్క్రిప్టుకి ముందే పెట్టుకోవాలి. టైమ్ జోన్ తప్పుంటే ఆఫీసు వేళల ప్రకారం కాల్స్ మళ్లించే నియమాలన్నీ తప్పుగా నడుస్తాయి.

డిస్ట్రో ప్యాకేజీ. ఉత్త ఆస్టరిస్క్ కావాలంటే ఇది అన్నిటికంటే తేలిక, ఉన్నచోట. డెబియన్ 12లో ఆస్టరిస్క్ ప్యాకేజీ లేనే లేదు. ఇది తెలియక డెబియన్ వేసి, ఇన్‌స్టాల్ కమాండు ఇచ్చి, ప్యాకేజీ దొరకలేదన్న సందేశం చూసి తమ మిర్రర్‌లోనే ఏదో లోపం ఉందని వెతుక్కునేవాళ్లు ఉంటారు. ఉబుంటులో ఉంది, దాని సంగతి పైన చెప్పాను. నాలుగైదు ఫోన్లకు, ఇంటర్నెట్ వైపు తెరవని సర్వర్‌కి ప్యాకేజీ సరిపోతుంది.

సోర్సు నుంచి కంపైల్ చేయడం

దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే అవసరానికి మించి భయపడేదీ, అవసరానికి మించి మురిసిపోయేదీ ఈ పద్ధతిని చూసే. ఆస్టరిస్క్ సోర్సు ప్యాకెట్‌లో కావలసిన లైబ్రరీలన్నిటినీ తెచ్చిపెట్టే స్క్రిప్టు దాంట్లోనే ఉంటుంది. అది నడిపి, కాన్ఫిగర్ చేసి, మెనూసెలెక్ట్‌లో ఏ మాడ్యూళ్లు కావాలో టిక్ పెట్టి, మేక్ కొడితే అయిపోతుంది. మొదటిసారి చేసేవాళ్లకు కూడా ఒక మధ్యాహ్నం చాలు. లాభమేంటంటే కావలసిన వెర్షన్ కావలసిన రోజునే దొరుకుతుంది. భద్రతా సవరణ వచ్చిన రోజే వేసుకోవచ్చు. పీజేసిప్ వెనకున్న పీజేప్రాజెక్ట్ లైబ్రరీ కూడా ఆస్టరిస్క్‌తో కలిపే కట్టబడుతుంది కాబట్టి ఓఎస్‌లో ఉన్న వెర్షన్‌తో పేచీ ఉండదు. అవసరం లేని మాడ్యూళ్లను అసలు కట్టకుండా వదిలేయచ్చు, దాడి చేయడానికి అంత చోటు తగ్గుతుంది.

నష్టం కూడా అంతే స్పష్టం. ఓఎస్ అప్‌డేట్ కమాండు ఆస్టరిస్క్‌ని ముట్టుకోదు. భద్రతా ప్రకటనలు వస్తున్నాయో లేదో మీరే కనిపెట్టుకుని ఉండాలి, వచ్చినప్పుడల్లా మీరే మళ్లీ కట్టాలి. ఆ పని చేసే మనిషి ఉద్యోగం మారితే ఆ సర్వర్ అక్కడే ఆగిపోతుంది. ఆ మనిషి పేరు ఇప్పుడే చెప్పలేకపోతే ఈ దారిని పక్కన పెట్టేయండి.

ఈ దారిలో వెళ్లేవాళ్లు తప్పక చూసుకోవాల్సిన ఒక టిక్ ఉంది. మెనూసెలెక్ట్‌లో కంపైలర్ ఫ్లాగుల కింద బిల్డ్_నేటివ్ అనే ఐచ్ఛికం మామూలుగా ఆన్‌లో ఉంటుంది. ఏ ప్రాసెసర్ మీద కంపైల్ చేస్తున్నామో దానికే ప్రత్యేకంగా ఉండే ఆదేశాలను వాడుకోమని దాని అర్థం. అదే యంత్రం మీద ఎప్పటికీ నడిస్తే ఇబ్బంది లేదు. కొత్త ప్రాసెసర్ మీద కంపైల్ చేసిన వర్చువల్ మెషీన్‌ని (ఒక యంత్రంలోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే యంత్రాన్ని) రేపు పాత ప్రాసెసర్ ఉన్న ఇంకో హోస్ట్‌కి మార్చారనుకోండి, ఆస్టరిస్క్ మొదలవుతూనే "చెల్లని ఆదేశం" అంటూ కూలిపోతుంది. కాన్ఫిగరేషన్‌లో ఎంత వెతికినా తప్పు దొరకదు, ఎందుకంటే తప్పు అక్కడ లేదు. వర్చువల్ మెషీన్ మీద వేస్తున్నా, ఒకచోట కంపైల్ చేసి వేరేచోటికి తీసుకెళ్తున్నా ఆ టిక్ తీసేయండి. దానివల్ల తగ్గే వేగం ఆఫీసు స్థాయిలో ఎవరికీ తెలియదు.

ఇంకో రెండు అలవాట్లు ఈ పద్ధతిలో చాలా అక్కరకొస్తాయి. మెనూసెలెక్ట్‌లో పెట్టిన టిక్‌లన్నీ ఒక ఫైలులో దాచబడతాయి, దాన్ని కాన్ఫిగరేషన్ ఫైళ్లతో పాటే భద్రం చేయండి. లేకపోతే రెండేళ్ల తర్వాత మళ్లీ కట్టేటప్పుడు ఏ మాడ్యూల్ కావాలో గుర్తుండదు. 20 నుంచి 22కి వెళ్లడం లాంటి పెద్ద మార్పు చేసేటప్పుడు పాత మాడ్యూళ్ల ఫోల్డర్‌ని ముందు ఖాళీ చేయండి. లేదంటే కొత్త వెర్షన్ కట్టని పాత మాడ్యూళ్లు అందులోనే ఉండిపోతాయి, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆ సంగతి అదే హెచ్చరిస్తుంది కూడా. ఆ హెచ్చరికను దాటేయకండి. అలాగే ఆస్టరిస్క్‌ని రూట్‌గా నడపకుండా దానికంటూ ఒక యూజర్‌ని చేసి, ఆ పేరు మీదే నడపండి.

కంటైనర్లు. ఒక్కో ప్రోగ్రామునీ విడి పెట్టెలో పెట్టినట్టు నడిపే డాకర్‌లోనే అన్నీ పెట్టుకున్న ఆఫీసులు ఫోన్ సర్వర్‌ని కూడా అక్కడే పెట్టాలనుకుంటాయి. చేయచ్చు, కానీ మాటను మోసే ఆర్‌టీపీకి ఆస్టరిస్క్ మామూలుగా 10000 నుంచి 20000 దాకా యూడీపీ పోర్టులు వాడుతుంది. వాటిని ఒక్కొక్కటిగా మ్యాప్ చేయమంటే డాకర్ మామూలు అమరికలో పోర్టుకొక ప్రాక్సీ ప్రాసెస్ లేపుతుంది, యంత్రం అక్కడే చతికిలపడుతుంది. హోస్ట్ నెట్‌వర్క్‌లోనే నడపాలి, లేదా పోర్టుల పరిధిని ఒకటి రెండు వందలకు కుదించాలి. మ్యాప్ చేసిన పోర్టులు యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ నియమాలను దాటి బయటికి తెరుచుకుంటాయని కూడా మరిచిపోవద్దు. ఒక్క ఫోన్ సర్వర్ ఉన్న ఆఫీసుకి కంటైనర్ వల్ల ఒరిగేది తక్కువే. ఒకేలాంటి సర్వర్లు పదుల సంఖ్యలో నడిపేవాళ్లకు వేరే సంగతి.

యంత్రం ఎక్కడ

వర్చువల్ మెషీనే నా ఓటు. బ్యాకప్, పరీక్ష, వెనక్కి రావడం అన్నీ సులువవుతాయి. అప్‌డేట్‌కి ముందు స్నాప్‌షాట్ (యంత్రం అప్పటి స్థితికి నకలు) తీసి పెట్టుకుంటే ఆ భయం సగం పోతుంది. కానీ మెమరీతో సహా స్నాప్‌షాట్ తీసేటప్పుడు యంత్రం ఒక్క క్షణం బిగుసుకుంటుంది. వెబ్‌కి తెలియదు, మాట్లాడేవాళ్లకు తెలుస్తుంది. మాట ఒక వైపు నుంచి ఇంకో వైపుకి చేరే ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికం సంస్థ ఐటీయూ ఇచ్చిన జీ.114 సిఫార్సు చెబుతుంది. అర సెకను ఆగితే ఆ ముక్క పోయినట్టే. స్నాప్‌షాట్లు, బ్యాకప్‌లు కాల్స్ లేని వేళకు పెట్టండి. ఉన్న కోర్లకు మించి వర్చువల్ కోర్లు పంచిన హోస్ట్ మీద కూడా మాట తెగుతుంది, అది రోజులో ఏదో ఒక వేళ మాత్రమే రావడంతో పట్టుకోవడం కష్టం.

పాతకాలపు లైన్లు నేరుగా కార్డులోకి వచ్చే చోట లెక్క మారుతుంది. ఆ కార్డులకు డాడీ అనే కెర్నల్ మాడ్యూల్ కావాలి. కెర్నల్ మారినప్పుడల్లా దాన్ని ఆ కెర్నల్‌కి తగ్గట్టు మళ్లీ కట్టాలి. కట్టడం మరిచిపోతే రీబూట్ తర్వాత లైన్లు కనపడవు. వర్చువల్ మెషీన్‌లోకి కార్డుని పంపించడం మరో తలనొప్పి. ఆ కార్డు స్థానంలో లైన్లను సిప్‌లోకి మార్చే గేట్‌వే పెట్టె కొనుక్కుంటే సర్వర్‌కి ఈ బంధం ఉండదు, ఓఎస్ ఎంపిక మళ్లీ మన చేతికొస్తుంది. గేట్‌వేకి పెట్టే ఖర్చు దండగ కాదని నేను గట్టిగా నమ్ముతాను.

రాస్ప్‌బెర్రీ పై మీద నాలుగైదు ఫోన్లు హాయిగా నడుస్తాయి. ఫ్రీపీబీఎక్స్ 17 అధికారిక స్క్రిప్టు మాత్రం దాని ఆర్మ్ ప్రాసెసర్ కోసం రాసింది కాదు. ఉత్త ఆస్టరిస్క్ వేసుకున్నా ఎస్‌డీ కార్డు మీద లాగ్‌లూ రికార్డింగులూ రాయించకండి, కార్డు అరిగిపోతుంది.

క్లౌడ్‌లో పెడితే రెండు పనులు ముందు. సర్వర్‌కి లోపలి ఐపీ వేరు, బయటి ఐపీ వేరు ఉంటుంది కాబట్టి బయటి చిరునామా ఏదో పీజేసిప్ ట్రాన్స్‌పోర్ట్‌లో చెప్పాలి. చెప్పకపోతే కాల్ కలుస్తుంది గానీ మాట ఒక వైపే వినపడుతుంది, లేదా అసలు వినపడదు. రెండోది భద్రత. 5060 పోర్టు ప్రపంచమంతటికీ తెరిచి ఉంటే పాస్‌వర్డులు ఊహించి చూసే ప్రోగ్రాములు త్వరలోనే తలుపు తడతాయి. ఎక్స్‌టెన్షన్ 100కి పాస్‌వర్డు కూడా 100 అని ఉంటే, రాత్రికి రాత్రి మీ ఖాతాలోంచి విదేశాలకు కాల్స్ పోతాయి, బిల్లు మీకే వస్తుంది. ట్రంక్ ఇచ్చేవాళ్ల చిరునామాలకు, ఆఫీసు చిరునామాకు మాత్రమే పోర్టు తెరవండి. బయటున్నవాళ్లకు వీపీఎన్ ఇవ్వండి. పదేపదే తప్పు పాస్‌వర్డులు కొట్టేవాళ్లను అడ్డుకునే ఫెయిల్‌2బ్యాన్ తోడుగా ఉండాలి తప్ప దాన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు. అంతర్జాతీయ కాల్స్ అవసరం లేకపోతే ట్రంక్ ఇచ్చేవాళ్ల దగ్గరే మూయించేయండి.

ఎవరికి ఏది

లినక్స్ మనిషి లేని, యాభై లోపు ఫోన్లున్న ఆఫీసుకి ఫ్రీపీబీఎక్స్ ఐఎస్‌ఓ వేసి, బయటి నిపుణులతో ఏటా నిర్వహణ ఒప్పందం పెట్టుకోవాలి. లినక్స్ తెలిసినవాళ్లు ఒకరైనా ఉంటే శుభ్రమైన డెబియన్ వేసి, వర్చువల్ మెషీన్‌లో, అధికారిక స్క్రిప్టుతో ఇన్‌స్టాల్ చేయాలి. నూటికి తొంభై ఆఫీసులు ఈ రెంటిలోనే ఇమిడిపోతాయని నా అంచనా. కాల్ సెంటర్ నడిపేవాళ్లు, డయల్‌ప్లాన్‌ని తమ సాఫ్ట్‌వేర్‌తో కలిపి రాసుకునేవాళ్లు ఆస్టరిస్క్ దీర్ఘకాల మద్దతు వెర్షన్‌ని సోర్సు నుంచి కట్టుకోవాలి, అదే వెర్షన్‌తో పక్కన ఒక పరీక్ష యంత్రం ఉంచుకోవాలి. రెడ్‌హ్యాట్ కుటుంబంలోనే ఉండాలన్న నియమం ఉన్న సంస్థలకు రాకీ లేదా ఆల్మాలినక్స్ 9 బాగుంటుంది, రెంటికీ 2032 దాకా మద్దతుంది. ఉత్త ఆస్టరిస్క్‌ని అక్కడ కట్టుకోవచ్చు. వాటిలో ఉండే ఎస్‌ఈలినక్స్ అనే భద్రతా వ్యవస్థని ఆపేయడానికి తొందరపడకుండా, లాగ్ చూసి నియమాలు సరిచేసుకునే ఓపిక మాత్రం కావాలి.

ఏది వేసినా పాత సర్వర్‌ని వెంటనే ఆపేయకండి. రెండూ పక్కపక్కన నడుస్తుండగా ముందు నాలుగు ఫోన్లను కొత్తదానికి మార్చి వారం రోజులు వాడండి. లోపలికి కాల్, బయటికి కాల్, హోల్డ్, బదిలీ, వాయిస్‌మెయిల్, రింగ్ గ్రూపు అన్నీ చూడండి. అత్యవసర నంబరుకి కాల్ వెళ్లే దారిని ట్రంక్ ఇచ్చేవాళ్లతో ముందే మాట్లాడి, వాళ్లు చెప్పిన పద్ధతిలో పరీక్షించండి. ఒక కాల్‌ని ఊరికే అలా వదిలేసి అరగంట పైన నడవనివ్వండి. కలిసిన కాల్ సరిగ్గా 32 సెకన్లకు కట్ అవుతుంటే, సిప్‌లో చివరి ధ్రువీకరణ సందేశం సర్వర్‌కి చేరడం లేదని అర్థం. దాదాపు ఎప్పుడూ అది నాట్ (లోపలి ఐపీని బయటి ఐపీగా మార్చడం) చిరునామా తప్పు, లేదా సిప్ సందేశాలను మధ్యలో మార్చే సిప్ ఏఎల్‌జీ రూటర్‌లో ఆన్‌లో ఉండటం. పదిహేను నిమిషాల దగ్గర కట్ అయితే కాల్ ఇంకా నడుస్తోందా అని సరిచూసే సెషన్ టైమర్లు చూడాలి. ఈ రెండూ ఓఎస్ మార్చినా పోవు, ఐఎస్‌ఓ మళ్లీ వేసినా పోవు. ఇవి సరిచేశాకే మిగతా ఫోన్లను మార్చండి.